ఆడకూలి, సమాన వేతనము – కార్మిక శాసనముల పరిభాషపై ఒక విమర్శ

శాసనములను విమర్శించుట న్యాయవాదుల పనియనియు, కావ్యములను విమర్శించుట భాషాశాఖవారి పనియనియు ఒక విభజన మన విశ్వవిద్యాలయములలో చిరకాలముగ నిలిచియున్నది. ఈ విభజనకు ప్రయోజనము లేకపోలేదు. కాని శాసనము కూడ పదములతోడనే కట్టబడునది. ఒక పదము ఎవరిని తనలో చేర్చుకొనును, ఎవరిని వెలుపల నిలుపును అను ప్రశ్నకు సమాధానము చెప్పుటయే శాసనవ్యాఖ్యానమున ప్రధానకార్యము. శబ్దార్థవిచారము చేయువారికి ఆ ప్రశ్న క్రొత్తది కాదు. కావున స్త్రీకార్మికుల సమానతను గూర్చి మన దేశమున ఏర్పడిన శాసనముల పరిభాషను తెలుగు విద్యార్థి దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునందలి యుద్దేశము.

పరిశీలనకు ఒక తావు కావలెను. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురము మండలమునందలి వెలిమెల గ్రామమును, దానికి చేరువనున్న పటాన్‌చెరువు పారిశ్రామిక ప్రాంతమును ఇందులకు గ్రహించితిని. వ్యవసాయము, కర్మాగారము, నగరము అను మూడును అచ్చట ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. 1960 దశకమున రామచంద్రాపురమున ప్రభుత్వరంగమునకు చెందిన భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసెను. 1970 దశకమున పటాన్‌చెరువు పారిశ్రామికవాడ పెరుగ నారంభించెను. 1972లో అచ్చటనే మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాసంస్థ ఇక్రిశాట్ స్థాపితమయ్యెను. పిమ్మట పాశమైలారము, బొల్లారము మొదలగు చోట్ల ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించెను. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వచ్చిన తరువాత కొల్లూరు, తెల్లాపురము, వెలిమెల దిక్కున పొలముల నడుమ బహుళ అంతస్తుల భవనములు లేచినవి.

ఇట్టి చోట నివసించు ఒక కుటుంబమును ఊహించుకొందము. అత్త పరుల పొలమున కలుపు తీయును. కూతురు మందుల కర్మాగారమున మాత్రల పొట్లములను పెట్టెలలో సర్దును. ఆమె పేరు కర్మాగారపు పుస్తకములో గాక గుత్తేదారు పుస్తకములో నుండును. కోడలు క్రొత్త భవనములలో మెట్లూడ్చి, రెండిండ్లలో అంట్లు తోమును. ముగ్గురును శ్రమజీవులే. కాని శాసనము ముగ్గురిని ఒక్క పేరుతో పిలువదు. మన శాసనములు స్త్రీకి సమానతను ఏకవచనమున ప్రసాదించినవనియు, ఆమె దానిని బహువచనమున మాత్రమే పొందగలుగుచున్నదనియు నా ప్రతిపాదన. ఈ మాట చమత్కారమునకై చెప్పినది కాదని ముందు వచ్చు విచారము వలన తెలియగలదు.

కూలి, జీతము, వెట్టి

తెలుగున ‘కూలి’ అను పదము పనికి వచ్చు ప్రతిఫలమును తెలుపును. పని చేయు మనిషిని గూడ తెలుపును. ఆ పదమునకు స్వతస్సిద్ధముగ లింగము లేదు. ఐనను పల్లెలలో ‘ఆడకూలి’, ‘మగకూలి’ అను రెండు సమాసములు నిత్యవ్యవహారమున నున్నవి. ఆడమనిషియైన కూలి యని ఒకవిధముగను, ఆడవారికి చెల్లించు కూలి యని వేరొకవిధముగను విగ్రహము చెప్పవచ్చును. వాడుకలో రెండవ యర్థమే ప్రబలముగ కానవచ్చును. ‘ఈ యేడు ఆడకూలి ఎంత?’ అని అడిగినపుడు ఆ సమాసము ఒక ధరకు పేరగుచున్నది. ధర పనికి అంటుకొనలేదు. పని చేయు మనిషి పుట్టుకకు అంటుకొనెను. సమాన వేతన శాసనము ఎదుర్కొనవలసిన ప్రత్యర్థి ఈ చిన్న సమాసము. అది ఏ గ్రంథమునను వ్రాయబడలేదు గనుక దానిని రద్దు చేయుటయు సులభము కాదు.

ఈ భేదము కేవలము వాడుకమాట కాదు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి కొన్ని గ్రామములలో కుటుంబముల రాబడి, పని, కూలి మొదలగు వానిని చిరకాలము నమోదు చేయించెను. నాటి మహబూబునగరు జిల్లాలోని ఔరేపల్లి ఆ గ్రామములలో నొకటి. ఆ లెక్కలలో స్త్రీపురుషుల కూలి వేరువేరుగ కనబడుటయు, స్త్రీల కూలి తక్కువగ నుండుటయు ఆర్థికశాస్త్రజ్ఞులకు సుపరిచితమైన విషయము. 1976లో సమాన వేతన శాసనము వచ్చిన కాలమును ఆ నమోదు మొదలైన కాలమును ఇంచుమించు ఒక్కటియే. పొలమునందలి లెక్కయు, చట్టసభయందలి వాక్యమును ఒకే తరమున ప్రక్కప్రక్కనే నడచినవి.

‘జీతము’ అను పదము నెలకో యేడాదికో కుదిరిన ప్రతిఫలమును తెలుపును. తెలంగాణమున ‘జీతగాడు’ అను మాట విరివిగ వినబడును. దానికి జోడైన స్త్రీలింగరూపము అంతగా వినబడదు. కుదురైన పని పురుషునిదనియు, రోజువారీ పని స్త్రీదనియు భాష ముందే విడదీసినట్లున్నది. ‘వెట్టి’యందు ప్రతిఫలమే లేదు. వెట్టి చేసిన కులముల స్త్రీలు గడీలలో దంచిరి, విసరిరి, నీరు మోసిరి. ఇంకను దారుణమైన పదము ‘ఆడబాప’. పెండ్లికూతురితో అరణముగ పంపబడి, దొర యింట జీవితాంతము పని చేయవలసిన స్త్రీకి అది పేరు. దాశరథి రంగాచార్యులు ‘చిల్లర దేవుళ్లు’ నవలలో ఆడబాప స్థితిని చిత్రించి ఆ పదమును తెలుగు పాఠకలోకమునకు మరువరానిదిగ చేసెను. ఆడబాపకు కూలి లేదు, జీతము లేదు, పనివేళ లేదు. కావున సమానతను కొలుచుటకు కొలమానమే లేదు.

ఈ సంగారెడ్డి జిల్లాలోనిదే యైన జోగిపేటలో 1930లో ప్రథమాంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగెను. దానితోబాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు జరిగెను. వెట్టి నిర్మూలనము ఆంధ్ర మహాసభల ప్రధానవిషయములలో నొకటి కాగా, మహిళాసభలు స్త్రీవిద్య, సంఘసంస్కారముల నెత్తుకొనినవి. రెండు సభలును ఒకే యూరిలో, ఒకే ఋతువులో జరిగినవి. కాని వెట్టి చేయు స్త్రీ ఏ సభ విషయము? శ్రామికురాలిగ ఒక సభకును, స్త్రీగ మరియొక సభకును చెంది, ఆమె రెండింటి నడుమ నిలిచిపోయెను. శాసనములందును ఆమెకు ఇదే గతి పట్టినదని ముందు చూడగలము.

లింగవచన విచారము

మన వ్యాకరణమున స్త్రీవాచకములకు ఒక విశేషస్థితి కలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి మహత్తులు, అమహత్తులు, మహతులు అను విభాగమును నిరూపించెను. దాని సారాంశ మిది: స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను కలసి నడచును. ‘పురుషుడు వచ్చుచున్నాడు’, ‘స్త్రీ వచ్చుచున్నది’, ‘బండి వచ్చుచున్నది’ – ఏకవచనమున స్త్రీకిని బండికిని క్రియ యొక్కటియే. ‘పురుషులు వచ్చుచున్నారు’, ‘స్త్రీలు వచ్చుచున్నారు’, ‘బండ్లు వచ్చుచున్నవి’ – బహువచనమున స్త్రీలు పురుషులతో చేరిరి. ఒంటరిగ నున్నపుడు వస్తువుతో సమానత, గుంపుగ నున్నపుడు పురుషునితో సమానత.

దీనిని బట్టి తెలుగు వ్యాకరణమే స్త్రీల అసమానతకు కారణమని చెప్పుట తొందరపాటగును. తమిళమున ఏకవచనమున స్త్రీకి ప్రత్యేకమైన క్రియాప్రత్యయము కలదు. అంతమాత్రమున అచ్చటి పొలములలో ఆడకూలి మగకూలితో సమానము కాలేదు. ప్రత్యయములు కూలిని నిర్ణయింపవు. కాని వ్యవహారమున ఎవరికి ఏ వచనము దక్కుచున్నదో చూడుడు. చదువుకొనిన యువతికి, అధికారిణికి గౌరవార్థము బహువచనము లభించును. ‘అమ్మగారు వచ్చినారు’ అందుము. కలుపు తీయు అత్తకును, అంట్లు తోము కోడలికిని ఆ బహువచనము దక్కదు, ‘అది వచ్చినదా?’ అని యడుగుదురు. వ్యాకరణము సమకూర్చిన వీలును సంఘము వర్గభేదమును బట్టి వాడుకొనుచున్నది. మహద్రూపము స్త్రీకి నిషిద్ధము కాదు. అది గౌరవమునకో గుంపునకో మాత్రము దక్కుచున్నది.

ఆంగ్లశాసనభాషకును ఇట్టి సూత్రమొకటి కలదు. 1897 నాటి సాధారణ నిబంధనల శాసనము పదమూడవ విభాగమున పుంలింగపదములు స్త్రీలను గూడ చెప్పుననియు, ఏకవచనము బహువచనమును, బహువచనము ఏకవచనమును చెప్పుననియు విధించెను. ఈ పరిభాషాసూత్రము వలన ‘అతడు’ అనిన ‘ఆమె’ యును అందులో చేరును. సౌకర్యమునకు ఇది మంచిదే. కాని పుంలింగములో స్త్రీని ఇముడ్చుట వేరు. స్త్రీ నిజముగ చేయు పనిని దృష్టిలో నుంచుకొని శాసనమును రచించుట వేరు. మొదటి దానివలన ఆమె వాక్యములో చేరును. రెండవదానివలన కాని ఫలములో చేరదు.

‘సమానమైన పని’ అనగా నేమి?

భారతరాజ్యాంగము 39వ అధికరణమున స్త్రీపురుషులిరువురకును సమానమైన పనికి సమాన వేతన ముండవలెనని ఆదేశించెను. 1951లో అంతర్జాతీయ కార్మికసంస్థ తన నూరవ ఒడంబడికలో మరియొక పదబంధమును స్వీకరించెను: ‘సమాన విలువగల పని’. భారతదేశము దానిని 1958లో అంగీకరించెను. 1976 నాటి సమాన వేతన శాసనము వచ్చునప్పటికి ఈ రెండింటిలో నేదియు యథాతథముగ నిలువలేదు. ‘అదే పని లేక తత్సదృశమైన పని’ అను మూడవ పదబంధము వచ్చెను. నైపుణ్యము, ప్రయాస, బాధ్యత అను మూడును సమానములై, పని పరిస్థితులు సదృశములై, ఉన్న భేదములు ఆచరణలో లెక్కింపదగనివైనచో ఆ పనులు సదృశములని నిర్వచనము.

అలంకారశాస్త్రము నెరిగినవారికి ఇందలి చిక్కు వెంటనే స్ఫురించును. సాదృశ్యము చెప్పవలెనన్న ఉపమానము కావలెను. స్త్రీ పనిని పోల్చుటకు అదే యజమాని యొద్ద పురుషుడొకడు ఉండవలెను. 1987లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పిన ఒక నౌకావ్యాపార సంస్థ వ్యవహారమున అట్టి పురుషుడు ఉండెను. స్త్రీ స్టెనోగ్రాఫర్లును పురుష స్టెనోగ్రాఫర్లును ఒకే పని చేయుచు వేరు వేతనములు పొందుచుండిరి. సంస్థకు స్తోమత లేదను వాదము సమాన వేతనమునకు అడ్డు కాజాలదని న్యాయస్థానము తేల్చెను. అది ప్రశంసనీయమైన తీర్పు. కాని కలుపుమడిలోని అత్తకు ఉపమానముగ నిలువగల పురుషుడెవడు? నాట్లు, కలుపు ఆడవారివి. దుక్కి, గట్లు, మోత మగవారివి. పనిని ముందే రెండుగ చీల్చి, పిమ్మట పోల్చి చూడుమనుట ఉపమానమును దాచి ఉపమ చెప్పుమనుట వంటిది. మాత్రల పొట్లములు సర్దు బల్లవద్ద ఆడపిల్లలే యున్నచో కూతురికిని ఇదే చిక్కు.

‘నైపుణ్యము’ అను పదముపై ఇంకొక మాట. తెలుగున ‘పనివాడు’ అనగా పని చేయువాడు మాత్రమే కాదు, నేర్పరి యని యర్థము. ‘పనివాడితనము’ అనగా నేర్పు. దీనికి స్త్రీలింగముగ చెప్పదగిన ‘పనికత్తె’, ‘పనిమనిషి’ అను పదములు నేర్పును తెలుపవు, ఇంటిచాకిరిని తెలుపును. ఒకే ప్రకృతినుండి పుట్టిన జంటపదములలో ఒకటి శిల్పివైపునకు, ఒకటి చీపురువైపునకు నడచెను. నాటు వేయుటలో ఎడము తప్పకుండుట, వేరు మడవకుండుట, నడుము వంచి దినమంతయు వేగము నిలుపుకొనుట నేర్పు కాదా? అది తల్లి వలన కూతురు చిన్ననాడే నేర్చునది గనుక నేర్పుగ లెక్కకు రాలేదు. బడిలోనో కర్మాగారములోనో నేర్చినదే నైపుణ్యమని వేతనపట్టికలు భావించినవి.

ఇది మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. 1968లో ఇంగ్లండునందలి డాగెన్‌హామ్‌లో మోటారుకార్ల ఆసనముల తొడుగులు కుట్టు స్త్రీలు సమ్మె చేసిరి. వారి వివాదమునకు మూలము, తమ పనిని తక్కువ నైపుణ్యము గల తరగతిలో చేర్చుట. ఆ సమ్మె 1970 నాటి బ్రిటిషు సమాన వేతన శాసనమునకు ఒక ప్రేరణ యయ్యెను. ఐనను వారి పనికి పై తరగతి గుర్తింపు 1984లో గాని లభింపలేదు. శాసనము పదునాలుగేండ్ల క్రిందటనే వచ్చినను, పనికి పెట్టిన పేరు మారుటకు అంత కాలము పట్టెను.

1976 నాటి శాసనమును తనలో కలుపుకొనిన 2019 నాటి వేతనస్మృతి, 2025 నవంబరు 21న అమలునకు వచ్చెను. దీని భాషలో రెండు మార్పులు గమనింపదగినవి. మొదటిది మంచి మార్పు. పూర్వశాసనము ‘పురుషులు, స్త్రీలు’ అని పేర్కొనగా, క్రొత్త స్మృతి వేతనముల విషయమున ‘లింగము’ కారణముగ వివక్ష కూడదనెను. దీనివలన స్త్రీపురుష విభాగమున ఇమడని వారికిని తావు కలిగెను. సమానము చేయు నెపమున ఎవరి వేతనమును తగ్గింపరాదను పూర్వనియమమును నిలిపెను. రెండవది చర్చింపదగినది. సదృశమైన పని నిర్వచనమున నైపుణ్యము, ప్రయాస, బాధ్యతలకు తోడు ‘అనుభవము’ అను నాల్గవ పదము చేరెను. చూచుటకు ఇది న్యాయమైన పదము. కాని అనుభవమును ఏండ్లతో కొలుతురు. ప్రసవమునకో, బిడ్డ జబ్బునకో, అత్తమామల సేవకో పని మానవలసినది సాధారణముగ స్త్రీయే. గుత్తేదారు మారినపుడెల్ల క్రొత్తగ చేరినట్లు వ్రాయబడునదియు ఆమెయే. ఇతరశాసనములు ప్రసవసెలవును హక్కుగ ఇచ్చుచుండగా, ఈ ఒక్క పదము ఆ విరామమునే వేతనభేదమునకు హేతువుగ మార్చుటకు వీలు కలిగించును. న్యాయస్థానములు దీనికెట్టి యర్థము చెప్పునో ముందు తెలియవలసి యున్నది. యజమాని చెప్పగల యర్థము మాత్రము ఇప్పుడే ఊహింపవచ్చును.

రక్షణయు, నిషేధమును

కార్మికశాసనములలో స్త్రీ రెండు విధములుగ కనబడును. సమాన వేతన శాసనమున ఆమె పురుషునితో సమానురాలు. 1948 నాటి కర్మాగారముల శాసనమున ఆమె రక్షింపదగినది. ఉదయము ఆరు మొదలు సాయంత్రము ఏడు గంటల వరకే ఆమెకు పని. చలనములో నున్న యంత్రమును తుడుచుట, నూనె వేయుట కూడదు. దూది విప్పు యంత్రముల దాపున పని చేయరాదు. ఈ నియమములు పుట్టిన కాలమున వానికి కారణములు లేకపోలేదు. కాని రక్షణవాక్యము చివర నున్న క్రియ ఎల్లప్పుడును ‘కూడదు’ అనియే. నిషేధింపబడినది యజమాని యొక్క అపాయకరమైన ఏర్పాటు కాదు. స్త్రీ యొక్క ఉపస్థితి. యంత్రమునకు కంచె వేయుటకు మారుగ స్త్రీకి కంచె వేసిరి.

2000లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము స్త్రీల రాత్రిపని నిషేధమును కొట్టివేసెను. భూగర్భ గనులలో స్త్రీలు పనిచేయరాదను 1952 నాటి గనుల శాసననియమము 2019లో సడలింపబడి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ కార్యములకు వారు లోనికి పోవుటకు దారి యేర్పడెను. 2020 నాటి వృత్తిభద్రతాస్మృతి స్త్రీలు అన్ని విధములైన పనులకు అర్హులనియు, వారి సమ్మతితో రాత్రివేళ గూడ నియమింపవచ్చుననియు చెప్పెను. ‘కూడదు’ అను చోట ‘సమ్మతి’ వచ్చెను. ఇది ముందడుగే. కాని గుత్తేదారు చేతిలో రేపటి పని యున్నపుడు ఒంటరి స్త్రీ ఇచ్చు సమ్మతికి ఎంత బలము కలదు? ఇదియు ఏకవచనపు సమస్యయే. పదిమంది కలసి కాదనగలిగిననాడే ఒక్కతె ఔననుటకు అర్థముండును.

2025 జూన్ 30న పాశమైలారములోని ఒక ఔషధపదార్థముల కర్మాగారమున సంభవించిన పేలుడులో నలువదిమందికి పైగ మరణించిరి. మృతులలో స్త్రీలును ఉండిరి. పొట్టకూటికై ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు పెక్కుమంది యుండిరి. ఆ యగ్ని లింగవచనభేదమును పాటింపలేదు. అపాయకరమైన పనినుండి స్త్రీలను తొలగించి పురుషులను అందే యుంచుట రక్షణ కాదనియు, పనినే అపాయరహితముగ చేయుట ఇరువురకును రక్షణ యనియు ఇంతకంటె దుఃఖకరముగ బోధపడ నవసరము లేదు.

శిశుగృహమును గూర్చిన నియమము ఇంకొక నిదర్శనము. కర్మాగారముల శాసనము ముప్పదిమందికి మించి స్త్రీకార్మికులున్న చోట శిశుగృహ ముండవలెననెను. లెక్కింపబడినది స్త్రీలు మాత్రమే. అనగా బిడ్డ తల్లిది, తండ్రిది కాదు. స్త్రీల సంఖ్యను ఆ హద్దునకు లోపల నుంచుకొనుటకు యజమానికి అది ఒక ప్రేరణయు నయ్యెను. 2017లో సవరింపబడిన ప్రసూతిప్రయోజన శాసనము ఏబదిమంది ఉద్యోగులున్న చోట శిశుగృహ ముండవలెనని లింగభేదము లేక లెక్కించెను. ప్రసవసెలవును పండ్రెండు వారములనుండి ఇరువదియారు వారములకు పెంచెను. క్రొత్త స్మృతులును ఏబదిమంది లెక్కనే యనుసరించినవి. ‘స్త్రీలు’ అను పదము తొలగి ‘ఉద్యోగులు’ అను పదము వచ్చుట సమానతకు అనుకూలమైనది. కాని ఇరువదిమంది, ముప్పదిమంది మాత్రమే పనిచేయు చిన్న షెడ్డులలో శిశుగృహము అప్పుడును లేదు, ఇప్పుడును లేదు.

మస్టరులో పేరు

శాసనము ఇచ్చిన హక్కు చేతికి వచ్చుటకు తొలుత పుస్తకములో పేరుండవలెను. మన శ్రామికులు ‘మస్టరు’ అనియు, ‘హాజరు’ అనియు చెప్పునది ఈ పుస్తకమునే. ప్రసూతిప్రయోజనము పొందుటకు, ప్రసవమునకు ముందు పండ్రెండు మాసములలో ఎనుబది దినములు పని చేసియుండవలెను. ఎనుబది దినములు పని చేయుట మన కూతురికి కష్టము కాదు. చేసినట్లు చూపుట కష్టము. 2000లో ఢిల్లీ నగరపాలక సంస్థకు చెందిన స్త్రీల వ్యవహారమున, మస్టరుపై దినకూలికి పనిచేయు స్త్రీలకును ప్రసూతిప్రయోజనము చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. అంతకుముందు 1982లో ఆసియాక్రీడల నిర్మాణకార్మికుల వ్యవహారమున, స్త్రీలకు చేరవలసిన కూలిలో కొంత మధ్యవర్తులైన జమాదారుల చేతిలో నిలిచిపోవు విషయము న్యాయస్థానపు దృష్టికి వచ్చెను. కూలి తగ్గునది చట్టపుస్తకమున కాదు. యజమాని చేతికిని కూలిమనిషి చేతికిని నడుమ.

క్రొత్త స్మృతి యాంత్రికశక్తితో నడచు కర్మాగారమునకు హద్దును పదిమందినుండి ఇరువదిమందికి పెంచెను. గుత్తకార్మికుల నియమములకు హద్దును ఇరువదినుండి ఏబదికి పెంచెను. చిన్న సంస్థలకు భారము తగ్గించుట దీని యుద్దేశము. స్త్రీలు ఎక్కువగ నుండు చిన్న షెడ్డులు, చిన్న గుత్తలు ఈ హద్దులకు క్రింద మిగిలిపోవుట దీని పర్యవసానము. ఇంటిలో అంట్లు తోము కోడలి మాట చెప్పనే యక్కరలేదు. శాసనము సంస్థ గుమ్మము వరకు ధైర్యముగ నడచి, ఇంటి గడప చెంత తటపటాయించును.

ఐనను శాసనపదమును విశాలపరచుట అసాధ్యము కాదని నిరూపించు ఉదాహరణ మన ప్రాంతముననే కలదు. మెదకు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో లెక్కకు మిక్కిలియైన స్త్రీలు ఇంటియందే కూర్చుండి బీడీలు చుట్టుచుండిరి. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల శాసనము ‘ఉద్యోగి’ అను పదములో ఇంటియొద్ద పనిచేయువారిని గూడ చేర్చెను. ఆ శాసనమును సర్వోన్నత న్యాయస్థానము 1974లో సమర్థించెను. గడపలోపలి పనియు పనియేనని ఒక నిర్వచనవాక్యము అంగీకరించుటచే, చేటలో ఆకు పెట్టుకొని కూర్చున్న స్త్రీ శాసనదృష్టిలో ఉద్యోగి యయ్యెను. ఆచరణలో లోపములు మిగిలియుండుట నిజమే. కాని అడుగుటకు ఒక పేరు దొరకెను. ఆడబాపకు లేనిది ఆ పేరే.

2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ శాసనము ఇంకొక పాఠము. అందు పనికి కొలత యుండెను. ఆ కొలతకు కట్టిన ధర స్త్రీపురుషులకు ఒక్కటియే. ఆంధ్రప్రదేశమున 2010 నుండి కూలీలను శ్రమశక్తి సంఘములుగ కూర్చి, గుంపు త్రవ్విన మట్టిని కొలిచి, గుంపునకు కూలి కట్టు పద్ధతి నడచెను. తెలుగునాట ఆ పనిదినములలో సగమునకు మించి స్త్రీలవే. ‘ఆడకూలి’ అను సమాసమునకు అచ్చట తావు లేకుండెను. ఇచ్చట సమానత పోలిక వలన రాలేదు. ఒక స్త్రీని ఒక పురుషుని ప్రక్క నిలిపి ఎవరి నేర్పెంత యని యడుగలేదు. పనికి వెల కట్టి, చేసినవారి నందరిని బహువచనమున లెక్కించిరి.

ఉపసంహారము

ఇంతవరకు చేసిన విచారమునకు ఒక యాక్షేపము రావచ్చును. శాసనములు దోషరహితములైనను అమలుచేయువారు లేనిచో ఫలమేమి, పదముల నిట్లు తరచి చూచుట వలన ప్రయోజనమేమి యని. అమలు ముఖ్యమే. కాని అమలుచేయు అధికారి చేతిలో నుండునది పదమే. ‘సదృశమైన పని’ అనియున్నచో అతడు పురుషుని వెదకును, కానక తిరిగిపోవును. ‘సమాన విలువగల పని’ అనియున్నచో కలుపునకును దుక్కికిని, పొట్లము సర్దుటకును పెట్టె మోయుటకును విలువ కట్టవలసిన వాడగును. 1958లో మనము అంగీకరించిన పదబంధము 2019 నాటి స్మృతిలోనికి ఇంకను రాలేదు. ఈ లోపము ముద్రణదోషము వంటిది కాదు. కలుపుమడిలోని అత్తకు రావలసిన కూలిలోని లోపము.

తెలుగుశాఖలకు ఇందు చేయదగిన పని కలదు. 1966లో తెలుగు ఆంధ్రప్రదేశమున అధికారభాష యయ్యెను. శాసనములను తెనిగించు కార్యము అప్పటినుండి జరుగుచునే యున్నది. తెనిగించునపుడు ‘కార్మికుడు’ అని వ్రాసి స్త్రీ యందులో నున్నదని సాధారణ నిబంధనల సూత్రముపై భారముంచుట సులభము. ‘కార్మికులు’ అని బహువచనమున వ్రాయుటయు అంతే సులభము. అపుడు మన వ్యాకరణమే స్త్రీని మహద్వర్గమున చేర్చును. నైపుణ్యము, అనుభవము, సమ్మతి వంటి పదములకు ఉదాహరణములు చేర్చి, నాటు, కలుపు, ఏరుట, సర్దుట మొదలగు పనులను పేరుపేరున చెప్పినచో చదువరి తన్ను తాను అందు గుర్తింపగలదు. పరిశోధకవిద్యార్థులు వెలిమెల వంటి గ్రామములకు పోయి, పనులకు స్త్రీలు వాడు పేర్లను, ఆ పనులలోని మెలకువలను తెలుపు మాటలను సేకరించినచో అది నిఘంటువునకు మాత్రమే గాక వేతనపట్టికకును ఉపకరించును.

ఒంటరి స్త్రీకి వస్తువుతో కూడిన క్రియ, గుంపునకు మనుష్యులతో కూడిన క్రియ అను మన వ్యాకరణస్థితిని మార్చుట ఎవరి తరమును కాదు; మార్చవలసిన యగత్యమును లేదు. శాసనము మాత్రము ఒంటరి స్త్రీకిని మహద్రూపమునే ప్రయోగింపవలెను. అంతవరకును అత్తయు, కూతురును, కోడలును తమ బహువచనమును తామే సంపాదించుకొనవలసి యున్నది.